పాటిబండ్ల చంద్రశేఖరరావు గారి వృత్తి జీవితం: విజయవాడలో తరచుగా ఎదురయ్యే ప్రశ్నలు, జవాబులు

విజయవాడ గవర్నరుపేటలో నాకొక చిన్న న్యాయవాద కార్యాలయం ఉంది. పగలు ఆర్బిట్రేషన్ కేసులు, అంటే ఇరుపక్షాలూ ఒప్పుకున్న ప్రైవేటు జడ్జి ముందు తేలే తగాదాలు, చూస్తాను, సాయంత్రం లా విద్యార్థులెవరైనా వస్తే కూర్చోబెట్టి మాట్లాడతాను. ‘అంతర్జాతీయ న్యాయవాది కావాలంటే ఏం చేయాలండీ’ అని వారు అడగడం, నేను పాటిబండ్ల చంద్రశేఖరరావు గారి పేరు చెప్పడం, ‘ఆయనెవరండీ’ అని వారు మళ్లీ అడగడం చాలాకాలంగా సాగుతున్న తంతు. అందుకే ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులు రాశాను.

ఇంతకీ చంద్రశేఖరరావు గారు ఎవరు?

ఆయన 1936 ఏప్రిల్ 22న కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివారు. ఢిల్లీలో భారత అంతర్జాతీయ న్యాయ సంఘంలో పరిశోధకుడిగా మొదలై, విదేశాంగ శాఖలో న్యాయ సలహా విభాగానికి, న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దగ్గరున్న భారత శాశ్వత మిషన్‌కు, అక్కడినుంచి కేంద్ర న్యాయశాఖలో కార్యదర్శి పదవికి చేరారు. 1996లో సముద్ర న్యాయానికి సంబంధించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కు న్యాయమూర్తిగా ఎన్నికై 2017 దాకా, అంటే 21 ఏళ్లపాటు, జర్మనీలోని హాంబర్గ్‌లో ఆ పీఠం మీద ఉన్నారు. 1999 నుంచి 2002 వరకు దానికి అధ్యక్షులు. 2012లో పద్మభూషణ్ వచ్చింది. 2018 అక్టోబరులో కన్నుమూశారు.

వీరులపాడు కృష్ణా జిల్లాలో ఉందా, ఎన్టీఆర్ జిల్లాలో ఉందా?

ఆయన పుట్టినప్పుడు కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. నందిగామ వైపు ఊరు. పాత పత్రాల్లో ఒక మాట, కొత్త పత్రాల్లో ఒక మాట కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

ఆయన కోర్టులో నల్లకోటు వేసుకుని వాదించిన లాయరా?

ఈ ప్రశ్న వెనుక ఒక అపోహ ఉంది. మన దగ్గర లాయరంటే వాదించే మనిషి. గొంతు, సమయస్ఫూర్తి, సాక్షిని క్రాస్‌లో ఇరికించే నేర్పు మన కళ్ల ముందు మెదులుతాయి. చంద్రశేఖరరావు గారి వృత్తి ప్రధానంగా ఆ దారిన నడవలేదు. ఆయన పని కాగితం మీద. ఒప్పందంలో ఒక వాక్యం ఎలా ఉండాలి, అందులో ‘చేయాలి’ అనాలా ‘చేయవచ్చు’ అనాలా, ఆ ఒక్క క్రియాపదం వల్ల పదేళ్ల తరువాత దేశం మీద ఏ బరువు పడుతుంది అన్నది తూచి చెప్పడమే విదేశాంగ శాఖలో న్యాయ సలహాదారు చేసే పని. మన సివిల్ కోర్టుల్లో దస్తావేజు రాసే లేఖరిని చులకనగా చూసే అలవాటు మనవారికి ఉంది కానీ, ఆస్తి తగాదాల్లో సగం ఆ లేఖరి కలం జారినచోటే పుడతాయి. అంతర్జాతీయ న్యాయంలోనూ అంతే. తేడా ఒక్కటే: ఇక్కడ పోయేది సెంటు భూమి, అక్కడ పోయేది వేల చదరపు కిలోమీటర్ల సముద్రం.

మరి ఆయనను దౌత్యవేత్త అని ఎలా అంటారు? ఐఎఫ్ఎస్ (భారత విదేశాంగ సర్వీసు) పరీక్ష రాశారా?

విదేశాంగ శాఖలో న్యాయ, ఒప్పందాల విభాగం ఒకటి వేరుగా ఉంది. అందులో పనిచేసేవారు సివిల్ సర్వీసు పరీక్షలో ఐఎఫ్ఎస్‌కు ఎంపికైనవారు కానక్కర్లేదు. న్యాయశాస్త్రంలో ప్రత్యేక అర్హతతో వచ్చేవారు. అయితే బయటి దేశాలతో చర్చలకు కూర్చున్నప్పుడు వారూ దౌత్యవేత్తలే. చంద్రశేఖరరావు గారు 1970ల తొలి సగంలో న్యూయార్క్ మిషన్‌లో న్యాయ సలహాదారుగా ఉన్నారు. సముద్ర న్యాయంపై ఐక్యరాజ్యసమితి మూడో మహాసభ 1973 డిసెంబరులో అక్కడే మొదలైంది. అది 1982 దాకా, తొమ్మిదేళ్లు సాగింది. అంత పెద్ద ఒప్పందాన్ని చాలావరకు ఓటింగుకు పోకుండా, అందరినీ ఒప్పించి ఒక్కొక్క అధికరణం కూర్చారు. అలాంటి చోట చర్చల గదిలో కూర్చునే న్యాయనిపుణుడు ఒక చేత్తో తన దేశ ప్రయోజనం చూసుకుంటూ, రెండో చేత్తో ఎదుటివాడు సంతకం పెట్టగలిగే మాట వెతకాలి. మన ఊళ్లలో పెళ్లి సంబంధాలు మాట్లాడే పెద్దమనిషికి ఉండే ఓపిక అది. భారత ప్రతినిధి బృందంలో సభ్యుడిగా ఆయనకు ఆ అనుభవం దండిగా దొరికింది.

ఆ సముద్ర ఒప్పందంలో ఏముంది? మనకు దానితో ఏం పని?

బందరు తీరంలో నిలబడి చూస్తే సముద్రమంతా ఒకటిగానే కనిపిస్తుంది. చట్టం దృష్టిలో అది వరసలు కట్టిన పొలం లాంటిది. తీరరేఖనుంచి 12 నాటికల్ మైళ్ల దాకా మన ప్రాదేశిక జలాలు. అక్కడ మన అధికారం దాదాపు నేలమీద ఉన్నంత. 24 మైళ్ల దాకా పక్కనున్న మండలం. సుంకాలు, వలసలు వంటి విషయాల్లో తనిఖీ చేయవచ్చు. 200 మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలం. అక్కడి చేప, చమురు, గ్యాసు మీద హక్కు మనదే కానీ, ఓడలు పోయే స్వేచ్ఛ అందరిదీ. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. ఒప్పందం 1994 నవంబరు 16న అమలులోకి వచ్చింది, భారతదేశం 1995 జూన్‌లో ధ్రువీకరించింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో తీరానికి దూరంగా గ్యాసు తవ్వుతున్నారంటే ఆ హక్కుకు అంతర్జాతీయ పునాది ఇదే. మన దేశం 1976లోనే సముద్ర మండలాల చట్టం చేసుకుంది. సముద్ర మండలాల కొత్త న్యాయంపై చంద్రశేఖరరావు గారు 1983లోనే ఒక పుస్తకం రాశారు.

హాంబర్గ్ ట్రిబ్యునల్ అంటే ఏమిటి? హేగ్ కోర్టు, అదీ ఒకటేనా?

కాదు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల మధ్య ఏ రకం తగాదానైనా వినగలదు. హాంబర్గ్ ట్రిబ్యునల్ సముద్ర ఒప్పందం కోసమే పుట్టింది. 21 మంది న్యాయమూర్తులు. సభ్యదేశాలు ఓటువేసి ఎన్నుకుంటాయి. 1996లో మొదటి ఎన్నిక జరిగినప్పుడు అందరికీ ఒకే గడువు ఇవ్వకుండా లాటరీ తీసి ఏడుగురికి 3 ఏళ్లు, ఏడుగురికి 6, ఏడుగురికి 9 అని పంచారు. చంద్రశేఖరరావు గారికి పడింది మూడేళ్ల చీటీ. 1999లో మళ్లీ నెగ్గారు, అదే ఏడాది తోటి న్యాయమూర్తులు ఆయనను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. 2008లో మరో తొమ్మిదేళ్లకు ఎన్నికయ్యారు. ఇంకో విషయం గమనించాలి: తొలిసారి న్యాయమూర్తి అయ్యేనాటికి ఆయన వయసు 60. మనవారు రిటైర్మెంటు శాలువా కప్పించుకునే వయసులో ఆయన కొత్త కోర్టుకు వెళ్లారు. పాతికేళ్ల విద్యార్థులు ‘ఇంకా ఏమీ సాధించలేదండీ’ అని నా దగ్గర వాపోయినప్పుడు నేను చెప్పేది ఈ లెక్కే.

ఆయన అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఎలాంటి కేసులు వచ్చాయి?

నాకు ఇష్టమైనది కామూకో కేసు. పనామా జెండాతో తిరిగే, అంటే ఆ దేశంలో నమోదైన, ఆ చేపల ఓడను 1999 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో, ఫ్రాన్స్‌కు చెందిన క్రోజే దీవుల ఆర్థిక మండలంలో ఫ్రెంచి నౌకాదళం పట్టుకుంది. నౌకాదళం దగ్గరకు వస్తుండగా ఓడలోవారు సంచులు సముద్రంలోకి విసిరేశారు. వాటిలో ఒక సంచి దొరికింది. విప్పి చూస్తే 34 కిలోల తాజా టూత్‌ఫిష్ చేపలు. మేము వేట ఆడలేదు, ఊరికే దాటి పోతున్నామన్న మాట ఆ సంచితో తేలిపోయింది. ఓడను రీయూనియన్ దీవికి తీసుకుపోయారు. విడిచిపెట్టాలంటే 2 కోట్ల ఫ్రాంకుల పూచీ కట్టమని అక్కడి కోర్టు అంది.

ఇక్కడ న్యాయపరమైన చిక్కు ఒకటి ఉంది. దొంగవేట జరిగిందా లేదా అన్నది ట్రిబ్యునల్ తేల్చకూడదు. అది ఫ్రెంచి కోర్టు పని. ట్రిబ్యునల్ చూడవలసింది ఒక్కటే: పట్టుకున్న ఓడను, సిబ్బందిని సహేతుకమైన పూచీ మీద వెంటనే విడిచిపెట్టాలన్న నియమాన్ని ఫ్రాన్స్ పాటించిందా? మన భాషలో చెప్పాలంటే ఇది బెయిలు పిటిషన్, ట్రయల్ కాదు. పనామా 2000 జనవరి 17న దరఖాస్తు వేసింది, ఫిబ్రవరి 7న తీర్పు వచ్చింది. మూడు వారాలు. పూచీని 80 లక్షల ఫ్రాంకులకు తగ్గించి ఓడను, కెప్టెన్‌ను విడిచిపెట్టమన్నారు. విజయవాడలో మూడు వారాల్లో వకాలతు మీద నంబరు కూడా పడదని నా జూనియర్ నవ్వాడు కానీ, ఆ వేగం ఊరికే రాలేదు. గడువులు నియమావళిలోనే రాసిపెట్టి ఉన్నాయి. మళ్లీ కాగితం మీది మాటే.

అదే ఏడాది డిసెంబరులో సేషెల్స్ జెండా ఓడ మోంటే కాన్‌ఫుర్కో విషయంలో 5 కోట్ల 64 లక్షల ఫ్రాంకుల పూచీని 1 కోటి 80 లక్షలకు తగ్గించారు. 2001 ఏప్రిల్‌లో గ్రాండ్ ప్రిన్స్ కేసు మాత్రం అడ్డం తిరిగింది. ఓడ తమదేనని బెలీజ్ దేశం తగిన ఆధారం చూపలేకపోయిందని, కాబట్టి కేసు వినే అధికారమే తమకు లేదని మెజారిటీ తేల్చింది. జెండా ఎవరిదో రుజువు కాకపోతే ఎంత మంచి వాదనైనా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

2001 డిసెంబరు 3న వచ్చిన మాక్స్ ప్లాంటు ఉత్తర్వు వేరే తరహాది. ఇంగ్లండు పడమటి తీరంలో సెల్లాఫీల్డ్‌లో అణుఇంధన కర్మాగారం పెడితే ఐరిష్ సముద్రం పాడవుతుందని ఐర్లండు వచ్చింది. కర్మాగారాన్ని ఆపమని ట్రిబ్యునల్ అనలేదు. రెండు దేశాలూ సహకరించుకుని సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలని మాత్రం ఆదేశించింది. ఇది చప్పని తీర్పు అన్నవారున్నారు. నాకు అలా అనిపించదు. తగాదా అసలు సంగతి వేరే ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ ముందు ఉండగా, మధ్యంతర ఉత్తర్వులో అంతకన్నా ముందుకు పోతే గీత దాటినట్టే.

పరాయి దేశం పట్టుకున్న మన మత్స్యకారుల కుటుంబాలు ఈ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చా?

2018 చివర్లో గుజరాత్ వైపు వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్థాన్ పట్టుకుని, 2020 జనవరిలో విడిచిపెట్టిన తరువాత ఈ ప్రశ్న చాలామంది అడిగారు. నేరుగా వెళ్లలేరు. దరఖాస్తు జెండా దేశం వేయాలి, లేదా దాని తరఫున వేయాలి. ఎదుటి దేశం కూడా ఒప్పందంలో సభ్యురాలై ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వెంటనే విడిచిపెట్టాలన్న నియమం ప్రధానంగా ఆర్థిక మండలంలో పట్టుకున్న ఓడలకు వర్తిస్తుంది. తీరానికి 12 మైళ్లలోపు పట్టుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆచరణలో మన మరపడవల విషయం రాయబార కార్యాలయాల ద్వారానే తేలుతుంది.

ఇటలీ నావికుల కేసులో ఆయన పాత్ర ఏమిటి?

2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి దూరంగా ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకరు మీదున్న నావికులు కాల్చడంతో సెయింట్ ఆంటోనీ పడవలోని ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. ఇటలీ 2015లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది. ఆ లోపు తాత్కాలిక ఉపశమనం కోసం హాంబర్గ్‌కు రాగా, రెండు దేశాలూ తమ కోర్టుల్లో విచారణలు నిలిపివేయాలని 2015 ఆగస్టు 24న 15 మంది ఔననగా 6గురు కాదనగా ఉత్తర్వు వెలువడింది. అసలు వివాదం వినే ఐదుగురు సభ్యుల ఆర్బిట్రల్ ట్రిబ్యునల్‌లో భారతదేశం తరఫున నియమితులైనవారు చంద్రశేఖరరావు గారే. ఆ పని పూర్తికాకముందే ఆయన మరణించారు. ఆయన స్థానంలో వచ్చినవారూ తెలుగువారే: పెమ్మరాజు శ్రీనివాసరావు గారు. 2020 మే 21న అవార్డు, అంటే ఆర్బిట్రేషన్ తీర్పు, వచ్చింది. నావికులకు భారత కోర్టుల విచారణనుంచి మినహాయింపు ఉందని ముగ్గురు, లేదని ఇద్దరు. లేదన్న ఇద్దరిలో శ్రీనివాసరావు గారు ఒకరు. నష్టపరిహారం పొందే హక్కు భారతదేశానికి ఉందని మాత్రం తేల్చారు. చివరకు ఇటలీ 10 కోట్ల రూపాయలు చెల్లించాక 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఇక్కడి కేసు ముగించింది.

‘మన దేశం వేసుకున్న ఆర్బిట్రేటరు మన పక్షానే ఉంటాడు కదా’ అని వెంటనే అడుగుతారు. ఉండకూడదు. నియమించిన దేశం మాట జాగ్రత్తగా విని, మిగిలినవారికి అది సరిగా అర్థమయ్యేలా చూడటం వరకు ఒప్పు. అంతకుమించి వకీలులా ప్రవర్తిస్తే మిగతా నలుగురి దగ్గర అతని మాటకు విలువ పోతుంది.

ఆర్బిట్రేటరు, మధ్యవర్తి ఒకటేనా?

తెలుగులో ఈ మాట మనల్ని ఎప్పుడూ ఇబ్బంది పెడుతుంది. ఆర్బిట్రేషన్‌ను ‘మధ్యవర్తిత్వం’ అంటాం, మీడియేషన్‌నూ అదే అంటాం. ఊళ్లో మధ్యవర్తి అంటే ఇద్దరికీ సర్దిచెప్పే పెద్దమనిషి. ఆయన మాట నచ్చకపోతే కండువా దులుపుకుని లేచి రావచ్చు. ఆర్బిట్రేటరు ముందునుంచి అలా లేచి రాలేరు. మీరు సంతకం చేసి ఒప్పుకున్న ప్రైవేటు జడ్జి ఆయన. ఆయన ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. మా కార్యాలయానికి వచ్చే కాంట్రాక్టర్లలో కొందరు ‘ఆయన రాజీ చేస్తాడనుకున్నామండీ, తీర్పు ఇచ్చేశాడు’ అని లబోదిబోమంటారు. అందుకే నేను ఈ జవాబుల్లో ఆర్బిట్రేషన్ అనే మాటనే వాడుతున్నాను.

ఇదే సందర్భంలో కృష్ణా నీళ్ల గురించి కూడా అడుగుతారు. బచావత్ ట్రిబ్యునల్ 2060 టీఎంసీలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచింది కదా, అది ఆర్బిట్రేషనేనా అని. కాదు. అది 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం కింద కేంద్రం వేసిన ట్రిబ్యునల్. అయితే ఎగువవాడు, దిగువవాడు అనే వాదన తీరు మాత్రం దేశాల మధ్య కూడా అచ్చం అలాగే ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ దిగువన పుట్టి పెరిగినవారికి దాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

1996 ఆర్బిట్రేషన్ చట్టాన్ని ఆయనే రాశారంటారు, నిజమేనా?

చట్టం చేసేది పార్లమెంటు. అయితే ఆ సమయంలో కేంద్ర న్యాయశాఖ కార్యదర్శిగా ఉన్న ఆయనకు ఆ చట్టం ప్రధాన రూపకర్తగా న్యాయవర్గాల్లో పేరుంది. దానిపై విపులమైన వ్యాఖ్యానం కూడా రాశారు. నా దృష్టిలో హాంబర్గ్ పదవికన్నా ఇదే ఆయన పెద్ద పని. ఎందుకంటే హాంబర్గ్ తీర్పులు విజయవాడలో ఎవరూ తిరగేయరు, ఈ చట్టం మాత్రం రోజూ మా బల్ల మీద ఉంటుంది.

అంతకుముందు ఉన్న 1940 చట్టం కింద ఆర్బిట్రేషన్ అంటే కోర్టు చుట్టూ మూడు ప్రదక్షిణలు. ఆర్బిట్రేటర్ని వేయించుకోవడానికి ఒకసారి, అవార్డును కోర్టులో దాఖలు చేసి డిక్రీగా మార్చుకోవడానికి ఒకసారి, దాని మీద అభ్యంతరాలకు మరోసారి. ఈ పరిస్థితి చూసి న్యాయవాదులు నవ్వుతున్నారని, న్యాయశాస్త్రవేత్తలు ఏడుస్తున్నారని 1981లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో వాపోయింది. 1996 చట్టం ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1985లో రూపొందించిన నమూనా చట్టాన్ని ఆధారం చేసుకుంది. కోర్టు జోక్యం చట్టం చెప్పినచోట్ల తప్ప ఉండకూడదని 5వ సెక్షన్‌లోనే గీత గీసింది. అవార్డుకు కారణాలు రాయాలంది. సవాలు చేసే కారణాలను 34వ సెక్షన్‌లో కుదించింది. గడువు దాటితే అవార్డు దానంతటదే డిక్రీలా అమలవుతుందంది.

లోపాలు లేవా? ఉన్నాయి. అవార్డును సవాలు చేస్తూ పిటిషన్ వేసిన మరుక్షణం దాని అమలు ఆగిపోయేలా చట్టం ఉండేది. దాంతో ఓడినవాడు వడ్డీ లెక్క చూసుకుని హాయిగా పిటిషన్ పడేసి కూర్చునేవాడు. అవార్డు ఇవ్వడానికి కాలపరిమితీ లేదు. ఈ రెండింటినీ 2015 సవరణ సరిదిద్దింది. దేశాంతర వర్తకం కోసం తయారైన నమూనాను కాలువ పూడికతీత కాంట్రాక్టుకు కూడా యథాతథంగా తొడిగారన్న విమర్శలోనూ నిజం లేకపోలేదు.

34వ సెక్షన్ గడువు గురించి ఒక హెచ్చరిక. అవార్డు చేతికందిన మూడు నెలల్లోపు సవాలు చేయాలి. తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు. ఆ పైన ఒక్క రోజు కూడా కోర్టు ఇవ్వలేదు. ఒక సంక్రాంతి తరువాత ఒక పెద్దాయన పసుపురంగు గుడ్డసంచిలో అవార్డు పట్టుకుని మా కార్యాలయానికి వచ్చారు. కవరు మీది పోస్టల్ ముద్ర చూసి వేళ్ల మీద లెక్కపెట్టాను. గడువు ఆరు రోజుల కిందటే పూర్తిగా తీరిపోయింది. పండగ వెళ్లాక వద్దామనుకున్నానన్నారు. కేసు బలంగానే ఉంది. కానీ నేను కాగితం తిరిగి ఆ సంచిలోనే పెట్టవలసి వచ్చింది.

ఈ స్థాయికి చేరిన తెలుగువారు ఇంకెవరైనా ఉన్నారా?

పైన చెప్పిన పెమ్మరాజు శ్రీనివాసరావు గారిని ముందు చెప్పాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తరువాత అమెరికాలో యేల్‌లో చదివి, విదేశాంగ శాఖకు చాలా ఏళ్లు ప్రధాన న్యాయ సలహాదారుగా పనిచేశారు. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘంలో 1987 నుంచి 2006 వరకు సభ్యులు. ఒక దేశంలోని ప్రమాదకర పరిశ్రమ వల్ల సరిహద్దు అవతల హాని జరగకుండా నివారించడంపై 2001లో ఆ సంఘం ఆమోదించిన 19 అధికరణాలు ప్రత్యేక నివేదకుడిగా ఆయన శ్రమ. పెడ్రా బ్రాంకా దీవి కోసం మలేషియా, సింగపూర్ హేగ్‌లో తలపడినప్పుడు సింగపూర్ ఆయనను తాత్కాలిక న్యాయమూర్తిగా ఎంచుకుంది. బంగాళాఖాతం సరిహద్దుపై బంగ్లాదేశ్ మన మీద తెచ్చిన ఆర్బిట్రేషన్‌లోనూ ఆయన సభ్యులు. 2014 జులై 7 నాటి ఆ అవార్డులో 4,06,833 చదరపు కిలోమీటర్ల సంబంధిత ప్రాంతంలో 1,06,613 బంగ్లాదేశ్‌కు, 3,00,220 మనకు వచ్చాయి. సరిహద్దు గీతను మెజారిటీ జరిపిన తీరుతో ఆయన విభేదించి విడిగా అభిప్రాయం రాశారు.

సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి గారు కూడా హేగ్‌లో కూర్చున్నారు. 1999లో తమ నౌకాదళ విమానాన్ని మనం కూల్చామని పాకిస్థాన్ వేసిన కేసులో ఆయన భారతదేశం తరఫున తాత్కాలిక న్యాయమూర్తి. ఆ కేసు వినే అధికారం తమకు లేదని 2000 జూన్ 21న కోర్టు 14–2తో తేల్చింది.

హాంబర్గ్‌లో చంద్రశేఖరరావు గారి తరువాత ఆ స్థానానికి ఎన్నికైన భారతీయురాలు నీరూ చద్దా. ఆమె తెలుగువారు కారు కానీ, విదేశాంగ శాఖ న్యాయ విభాగంనుంచే వచ్చారు. దారి ఒకటేనని చెప్పడానికి ఆమెను తలచుకున్నాను.

గుంటూరు మిర్చి ఎగుమతిదారుకు ఇదంతా ఎందుకు?

మిర్చి యార్డు వ్యాపారి ఒకరు నన్ను సూటిగా ఇదే అడిగారు. విదేశీ కొనుగోలుదారు పంపే కాంట్రాక్టులో చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, తగాదా వస్తే సింగపూర్‌లోనో లండన్‌లోనో ఆర్బిట్రేషన్ అని ఉంటుంది. సరుకులో అఫ్లాటాక్సిన్ (బూజువల్ల పుట్టే విషం) ఎక్కువుందని కంటైనరు వెనక్కి కొట్టినరోజు ఆ పేజీ గుర్తుకొస్తుంది. అప్పుడు మీరు గుంటూరు కోర్టులో దావా వేస్తే, ఎదుటివారు ఆ క్లాజు చూపి ఆర్బిట్రేషన్‌కు పంపమంటారు, సాధారణంగా కోర్టు పంపుతుంది. అక్కడ వచ్చిన అవార్డును 1958 న్యూయార్క్ ఒప్పందం ప్రకారం, 1996 చట్టం రెండో భాగం కింద, ఇక్కడ మీ ఆస్తి మీద అమలు చేయవచ్చు. ధర గురించి రూపాయి రూపాయికీ బేరమాడే వ్యాపారి, సీటు (ఆర్బిట్రేషన్‌కు చట్టపరమైన వేదిక) ఏ ఊరన్న మాటను చదవకుండా వదిలేయడం నాకు ఇప్పటికీ విడ్డూరమే.

విజయవాడ, గుంటూరుల్లో లా చదివి ఈ రంగంలోకి వెళ్లగలమా?

వెళ్లగలరు, కానీ మూడేళ్లలో కాదు. అంతర్జాతీయ న్యాయం పేపరును గైడు చదివి గట్టెక్కించకండి; ఒక్క తీర్పైనా మొదటి పేరానుంచి చివరి పేరా దాకా చదవండి. కామూకో తీర్పు మొదటిసారి చదివేవారికి చాలా అనువు, హాంబర్గ్ ట్రిబ్యునల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. లా విద్యార్థులు ఊహాజనిత అంతర్జాతీయ కేసును వాదించే జెస్సప్ మూట్ పోటీలో పాల్గొంటే రాతపని అలవాటవుతుంది. 1959లో ఏర్పడిన భారత అంతర్జాతీయ న్యాయ సంఘం ఢిల్లీలో డిప్లొమా కోర్సులు నడుపుతుంది. విదేశాంగ శాఖ న్యాయ విభాగంలో లీగల్ ఆఫీసరు పోస్టులకు యూపీఎస్‌సీ ప్రకటనలు వస్తాయి. ఏటా రావు, ఒకటో రెండో మాత్రమే ఉంటాయి, కాబట్టి కన్నేసి ఉంచాలి. హాంబర్గ్‌లో మూడు నెలల ఇంటర్న్‌షిప్‌లున్నాయి. ఆ ట్రిబ్యునల్ అధికార భాషలు ఇంగ్లీషు, ఫ్రెంచి. రెండోది నేర్చుకుంటే పదిమందిలో ముందుంటారు.

డబ్బు సంగతి కూడా అడుగుతారు. తొలి పదేళ్లు హైకోర్టులో స్థిరపడిన మీ బ్యాచ్‌మేట్ మీకన్నా ఎక్కువ సంపాదిస్తాడు. దానికి సిద్ధపడే వెళ్లండి.

మామూలు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు ఆర్బిట్రేషన్ క్లాజులో ఏం చూడాలి?

సీటు ఏ ఊరు, ఆర్బిట్రేటర్లు ఎందరు, ఎవరు నియమిస్తారు, ఏ భాష, ఏ దేశపు చట్టం. నియమించేది ఎదుటి సంస్థ ఉద్యోగినే అయితే 2015 సవరణ తరువాత అది చెల్లదు. అయినా పాత నమూనాల్లో ‘చీఫ్ ఇంజనీరే ఆర్బిట్రేటరు’ అన్న వాక్యం అలాగే మిగిలిపోయింది. ఇరువర్గాలకూ ఆర్బిట్రేటరు విషయంలో పొత్తు కుదరకపోతే 11వ సెక్షన్ కింద హైకోర్టుకు, అంటే ఇప్పుడు అమరావతిలోని నేలపాడుకు, వెళ్లాలి.

కిందటేడు ఒక కోల్డ్ స్టోరేజీ నిర్మాణ ఒప్పందం మా బల్ల మీదికి వచ్చింది. ముప్పై రెండు పేజీలు, ప్రతి పేజీకీ రెండు సంతకాలు, మంచి బాండు పేపరు. 27వ పేజీలో ‘1940 ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం’ అని ఉంది. రద్దయి దాదాపు ముప్పై ఏళ్లు కావస్తున్న చట్టం, ఎవరో ఎప్పుడో టైపు చేసిన నమూనాలోంచి ఒక కంప్యూటరునుంచి మరో కంప్యూటరుకు పాకుతూ అక్కడిదాకా వచ్చింది. జూనియర్ దాన్ని కొట్టేసి పైన ‘1996’ అని రాశాడు. ఇద్దరు పార్టీల చేతా పక్కన పొట్టి సంతకాలు పెట్టించి, పేజీని తిరిగి ట్యాగుకు గుచ్చాం.